ఇంటికి దగ్గరని ఎయిర్ ఫోర్స్ రాశాను

సైన్యం స్కాలర్‌షిప్పు వచ్చిన మెడికల్ కాలేజీ పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఆర్మీ రాయాలా, నేవీ రాయాలా, ఎయిర్ ఫోర్స్ రాయాలా అని అడుగుతారు. వాళ్లు వినాలనుకునేది నాకు తెలుసు. ఎందులో ప్రమోషన్ తొందరగా వస్తుంది, ఎందులో పై చదువుకు పంపుతారు, ఎందులో క్వార్టర్లు బాగుంటాయి. అవి నేను చెప్పను. తెలియక కాదు. అలాంటి లెక్కలే చూసుకుని శాఖను ఎంచుకున్న డాక్టర్లను చాలామందిని చూశాను. వాళ్లలో మొదటివాణ్ని నేనే. నేను చెప్పేది వినడానికి బాగుండదు. బాగుండకపోయినా రాస్తాను. ఈ వయసులో నన్ను ఆఫీసర్ల మెస్‌లోంచి లేచి పొమ్మనేవాడు ఎవడూ లేడు.

చష్మాల దుకాణం

మా నాయనకు అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం ఉండేది. పోస్టాఫీసు దాటి నాంపల్లి వైపు వచ్చే దారిలో, ఒక సందు మొదట్లో. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక. బడి వదిలాక నేను చేరేది దుకాణానికే. గోడ మీద మూడు అక్షరాల పట్టీలు ఉండేవి. ఇంగ్లీషుది, ఉర్దూది, తెలుగుది. రైల్వే ఉద్యోగాలకు, పోలీసు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు కళ్ల పరీక్షకు ముందు మా దుకాణం చుట్టూ తిరిగేవాళ్లు. ఊరికే ధర అడిగినట్టు అడిగి, ఇంగ్లీషు పట్టీలోని ఆఖరి వరస బట్టీ పట్టి పోవడానికి. నాయన వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, "ఉర్దూ లెక్క గిటు దిక్కుకెళ్లి సదువు బిడ్డా" అని కుడివైపు చివర చూపించేవాడు. బట్టీ పట్టినవాడు అక్కడే ఆగిపోయేవాడు. నాయన నవ్వేవాడు, బయటివాళ్లకు మాత్రం ఒక్క మాట చెప్పేవాడు కాదు. ఎవడి కళ్ల సంగతి వాడిది, అది దుకాణం గడప దాటకూడదన్నది ఆయన నియమం. ఆ సందులో కాపురాలు, అప్పులు, తగాదాలు అన్నీ అందరికీ తెలిసేవి. ఎవరికి ఎంత చూపుందో మాత్రం నాయనకొక్కడికే తెలిసేది.

అరవైల మధ్యలో నేను నాలుగో ఏడు చదువుతుండగా స్కాలర్‌షిప్పు మాట వచ్చింది. మిగిలిన చదువుకు సైన్యం నెలనెలా డబ్బిస్తుంది, చదువయ్యాక కమిషన్, కొన్నేళ్లు తప్పనిసరి కొలువు. మూడు శాఖల్లో ఏది మొదట కావాలో, ఏది ఆఖరో వరసగా రాసివ్వాలి. రాసింది దొరుకుతుందని హామీ లేదు. కానీ ఎక్కువమందికి మొదట రాసిందే దొరికేది.

"హవాయి జహాజులోళ్లది రాయి," అన్నాడు నాయన ఆ రాత్రి అన్నం దగ్గర. "బేగంపేట గీడనే ఉండె. బస్సెక్కితె ఇల్లు."

"ఆర్మీ అయితే సికింద్రాబాద్‌లోనూ ఉంది నాయినా."

"ఆర్మీ అంటె కొండలు, గుట్టలు. గాడ పడేస్తరు నిన్ను. వానికి నీ అడ్రసే యాదుండది."

"నేవీ?"

దానికి అమ్మ జవాబు చెప్పింది. "ట్యాంక్‌బండ్ మీద నిలబడి నీళ్లు జూస్తెనే కండ్లు తిరుగుతయి నీకు. నువ్వు సముద్రంల పోయి ఎవల్ని బాగుజేస్తవు?"

మా ఇంట్లో అంతటితో నిర్ణయం అయిపోయింది. ఇంకొక్క మనిషి మాత్రం అడ్డం పడ్డాడు.

మేజర్ సాబ్ చెప్పింది

ఆయన మెదక్ వైపు మిషను కుటుంబంలో పుట్టి, ఆర్మీలో డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. అందరూ మేజర్ సాబ్ అనేవాళ్లు. అబిడ్స్‌లో పని ఉన్నా లేకపోయినా నాయన దుకాణంలో కూర్చునేవాడు.

"ఏమోయ్ డాక్టర్, ఏది రాస్తున్నవ్?"

"ఎయిర్ ఫోర్స్ సార్."

"ఎందుకు?"

"దగ్గర సార్."

"పిల్లనిచ్చే సంబంధమా, దగ్గర జూసుకునేటందుకు?"

నాయన పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. మేజర్ సాబ్ కుర్చీ నా వైపు లాక్కున్నాడు.

"జర విను. ఆర్మీల పొద్దుగాల జవాన్లు నీ ముంగట లైను గడ్తరు. లేని నొప్పి ఉన్నదంటరు. హవాయిల ఉల్టా. పైలట్లు ఉన్న నొప్పి లేదంటరు. ఎందుకంటె నువ్వు కలం తీస్తె వాడు నేల మీదికి దిగుడే. నేవీల జహాజు మీద డాక్టర్ ఒక్కడే, పెద్ద దవాఖాన మస్తు దూరం. గాడ అబద్ధం చెప్పేది నువ్వే. ఏం గాలె, తగ్గుతది అని. ఇగ నీకు ఏ అబద్ధం మోయ వశమైతదో సోంచాయించుకో. అది రాయి."

"మేజర్ సాబ్, పోరన్ని బెదిరియ్యకున్రి," అన్నాడు నాయన.

"బెదిరిస్తలేను. నౌకరీ అంటె ఏందో చెప్తున్న."

ఆయన లేచి వెళ్లాక నేను ఎయిర్ ఫోర్స్ మొదట, ఆర్మీ రెండోది, నేవీ ఆఖరున రాసిచ్చాను. అంత మంచి ప్రశ్న ఆయన ఏమీ ఆశించకుండా అడిగితే, దానికి జవాబు ఆలోచించకుండా బస్సు దూరం లెక్క వేసుకున్నాను.

మేజర్ సాబ్ చెప్పినదాన్ని వేదం చేయడం లేదు. సగం తప్పు కూడా. కొత్తలో కొన్ని నెలలు మమ్మల్ని ఒక ఆర్మీ ఆస్పత్రిలో వేశారు. ఆయన మాట తలలో పెట్టుకుని, పొద్దున్నే వరసలో నిలబడ్డ జవాన్లందరినీ దొంగల్ని చూసినట్టు చూశాను. కడుపు నొప్పి అని రెండు రోజులు వరసగా వచ్చిన ఒక వంటమనిషికి, డ్యూటీకి పనికొస్తాడని రాసి పంపేశాను. మూడో రోజు స్పృహ లేకుండా మోసుకొచ్చారు. అపెండిక్స్ పగిలింది. మా కల్నల్ నన్ను తిట్టలేదు. చేతులు కడుక్కుని రమ్మని, ఆపరేషన్ అయ్యేదాకా తన ఎదురుగా నిలబెట్టి, చీము తీసిన ప్రతిసారీ "చూశావా?" అని మాత్రం అడిగాడు. వాడు బతికాడు. నటించేవాళ్లు ఉంటారు, కాదనను. వాళ్లను పట్టుకునే సరదా డాక్టరుకు పట్టుకుంటే, అది వాళ్ల నటన కంటే పెద్ద జబ్బు.

మెస్‌లో నవ్వు

ఒకటి రెండు చోట్ల పనిచేశాక, హైదరాబాద్ శివార్లలో పైలట్లకు శిక్షణనిచ్చే ఒక స్టేషన్‌కు వేశారు. "నేన్ చెప్పలే?" అని నాయన సందంతా చెప్పుకున్నాడు. ఆదివారం వస్తే యూనిఫాం విప్పి, మధ్యాహ్నం అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్లేవాణ్ని. అది నాకు పెద్ద సుఖం. అంతకంటే పెద్ద ప్రమాదమని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది.

పైలట్లకూ డాక్టరుకూ మధ్య ఉండే స్నేహం విచిత్రమైనది. సాయంత్రం మెస్‌లో భుజం మీద చెయ్యేస్తారు. పొద్దున మన గది ఉన్న వైపు నడవరు. జలుబు చేసినవాడు ముక్కులో చుక్కలు వేసుకుని, కళ్లు ఎర్రగా ఉంటే రాత్రి పేకాట అంటాడు. చెవి నొప్పి ఉన్నవాడు గట్టిగా నవ్వుతాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎగరడం తప్ప ఇంకేదీ వద్దనుకున్నవాళ్లు.

వాళ్లలో నాకు నిజంగా స్నేహితుడైనవాడు ఫ్లైట్ లెఫ్టినెంట్ రాజారత్నం. గుంటూరు వైపు వాడు, మిషను ఆస్పత్రి నర్సు కొడుకు. శిక్షకుడు. నేను వెళ్లి కూర్చుంటే మిగిలినవాళ్లు మెల్లగా జరిగే బల్ల దగ్గర, తను నా పక్కకు వచ్చి కూర్చునేవాడు. "డాక్టరు గారూ, మీరొస్తే నా కంచంలో చేప కూడా ఊపిరి బిగబట్టేస్తుందండీ," అనేవాడు. వాళ్లింట్లో ఎన్నిసార్లు భోంచేశానో చెప్పలేను.

ఒక ఎండాకాలపు ఆదివారం డబ్బా పట్టుకుని దుకాణంలోకి అడుగుపెట్టేసరికి, లోపలి కుర్చీలో రాజారత్నం ఉన్నాడు. గళ్ల చొక్కా. ముక్కు మీద అద్దాలు మార్చి చూసే ఇనప ఫ్రేము. నాయన కుడి కంటి ముందు అద్దం తీసి ఇంకొకటి పెడుతున్నాడు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు బాగుందండీ."

తల తిప్పి నన్ను చూశాడు. ఫ్రేము తీయలేదు. కాసేపటికి నాయనను అడిగాడు, "మీ అబ్బాయా అండీ?"

"ఔ సార్. డాక్టర్. హవాయి ఫౌజ్‌ల."

"అదృష్టవంతులు," అన్నాడు.

నాయనకు తను కాలేజీ లెక్చరర్నని చెప్పుకున్నాడట. బయటికి వచ్చాక ఇద్దరం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. అతను చాయ్ ముట్టుకోలేదు.

"ఎంతకాలం నుంచి?" అన్నాను.

"క్షేమ సమాచారమా, విచారణా?"

"రాజారత్నం!"

"సరే, చెబుతాను. ఆరు నెలలుగా దూరం కాస్త మసకేస్తోంది. విమానం దించేటప్పుడు మాత్రమే. చెయ్యికి అలవాటైన పనండీ అది, కంటితో పెద్ద పని లేదు."

"పొద్దున వచ్చి నా గదిలో కూర్చో."

"ఈ బ్యాచి పూర్తి కానివ్వండి. పిల్లలు సగంలో ఉన్నారు. అయ్యాక నేనే వస్తాను, నా అంతట నేనే. ఇవాళ మీరు డాక్టరు కాదు, షావుకారు గారబ్బాయి. ఏం చూశారు మీరు? గిరాకీని చూశారు."

ఇంటికి వెళ్తూ నాయనకు చెప్పాను, ఆ మనిషి ఎవరో, ఏం పనిచేస్తాడో. నాంపల్లి స్టేషన్ దగ్గర ఆగి ఆయన అన్నాడు, "నా కుర్చీల కూసున్నోడు నా గిరాకి. నీ రోగి గాదు."

ఆ మాట నాకు హాయిగా తగిలింది. ఎందుకంటే నాకు కావలసింది అదే. నేను ఊరుకున్నాను.

కుడి నుంచి ఎడమకు

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక పొద్దున, రన్‌వే మీద సైరన్ మోగింది. దిగుతున్న విమానం ఎత్తు అంచనా తప్పి నేల మీద పడినట్టు దిగింది. చక్రం కాలు విరిగి పక్కకు ఒరిగింది. వెనక సీటులో రాజారత్నం, దిగడం ఎలాగో తనే చేసి చూపిస్తున్నాడు. అతనికి మోచేయి గీసుకుంది. ముందు సీటులో శిక్షణ పొందుతున్న కుర్రవాడు నర్సింగ్, జనగామ వైపు నుంచి వచ్చినవాడు, కదలలేకపోయాడు. అంబులెన్సులో నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, నా కాళ్లు ఉన్నయా?"

బొటనవేలు గిల్లాను. "నొప్పి తెలుస్తోందా?"

"ఔ సార్."

"ఉన్నాయి."

"మల్ల ఎగురుతనా?"

ఆ ప్రశ్నకు మేజర్ సాబ్ నేవీ డాక్టరుకు అంటగట్టిన అబద్ధమే నేనూ చెప్పాను. వెన్నుపూస నలిగింది. నడిచాడు. ఎగరలేదు. గాలి దెబ్బకు విమానం జారిందని విచారణలో తేల్చారు. నన్ను అడిగింది గాయాల గురించి మాత్రమే. నేను చెప్పింది కూడా గాయాల గురించి మాత్రమే.

ప్రమాదం తర్వాత మళ్లీ ఎగరాలంటే డాక్టరు పరీక్ష కావాలి. రాజారత్నం నా గదికి వచ్చి, కుర్చీలో కూర్చుని, పట్టీలో ఆఖరి వరస దాకా తడుముకోకుండా చదివాడు. నేను కర్ర తీసుకుని అదే వరసలో కుడి చివరి అక్షరం మీద పెట్టాను.

"ఇటు నుంచి చదవండి."

చాలాసేపు చూశాడు. రెండు అక్షరాలు చెప్పాడు. రెండూ తప్పు.

"మీ నాన్నగారి విద్య," అన్నాడు.

"అవును."

"అప్పుడు ఊరుకుని ఇప్పుడెందుకండీ?"

అన్‌ఫిట్ అని రాశాను.

సాయంత్రం స్టేషన్ కమాండర్ పిలిపించాడు. యుద్ధం రావచ్చని అందరూ అనుకుంటున్న రోజులు. శిక్షకుల కొరత. మంచి మనిషే, పంతం పట్టాడు. "డాక్టర్, ఒక్క వరసేగా? అతని చేతుల్లో వందమంది పైలట్లయ్యారు."

"వందమంది అయ్యారు సార్. ఒకడు కాలేదు."

"అది గాలి వల్ల."

"గాలికి నేను పరీక్ష చేయలేను. కంటికి చేశాను. మీరు కావాలంటే పై మెడికల్ బోర్డుకు పంపండి. నా కాగితం మారదు."

పై బోర్డూ అదే చెప్పింది. అది ఎవరికీ గుర్తు లేదు. రాజారత్నాన్ని దించింది నేనన్నదే గుర్తుంది. పక్కన కూర్చుని తిన్నవాడి కళ్లలో వేలు పెట్టానన్నారు. మెస్‌లో నా బల్ల ఖాళీ అయింది. రాజారత్నం భార్య చర్చి మెట్లు దిగుతూ, దారిలో నన్ను చూసి పిల్లను రెండో వైపుకు మార్చుకుంది. ఆ సంగతి అబిడ్స్ దాకా వచ్చింది, ఆ దుకాణంలో చూపించుకుంటే కొడుకు రాసేస్తాడని. నేను రాసింది నా గదిలో చూసిందే అని చెబితే వినేదెవరు?

నాయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడ్డాడు, కానీ నేననుకున్నదానికి కాదు.

"గిరాకి పోతె పోనీ. ముందుగాల చెప్పకపోతివి, పోరని నడుము ఇరిగినంక చెప్తివి. రెంటికి చెడ్డ రేవడివి."

"నీ గిరాకి అని నువ్వే అంటివి గద నాయినా?"

"నేను చష్మాలోణ్ని. అట్లనే అంట. నువ్వు డాక్టర్‌వి, నేనన్నది నువ్వెందుకు ఇనాలె?"

ఏది రాయాలంటే

ఇంతా చదివి, అయితే ఎయిర్ ఫోర్స్ వద్దంటారా అని అడగకండి. నేను అలా అనడం లేదు. రాజారత్నాన్ని దించడం నా కొలువులో నేను చేసిన సరైన పనుల్లో ఒకటి. దానికి అప్పుడు క్షమాపణ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నన్ను వెలివేసినవాళ్లు గొప్ప పైలట్లు కావచ్చు, ఆ విషయంలో తప్పు వాళ్లదే. నా తప్పు దానికి ముందుది. డాక్టరుగా ఉండవలసిన చోట కొడుకుగా ఉండిపోవడం. ఇంటికి దగ్గరని శాఖను ఎంచుకున్నాను. ఆ దగ్గరే నా నోరు మూసింది. ఎక్కడో అస్సాంలో ఏ తేజ్‌పూర్‌లోనో ఉండి ఉంటే, అలాంటి చూపును నేను నా గదిలోనే చూసేవాణ్ని, చూసిన రోజే రాసేవాణ్ని.

స్కాలర్‌షిప్పు తీసుకోండి. అది భిక్ష కాదు, సిగ్గుపడకండి. కాని శాఖ రాసే ముందు మీ బలహీనత ఏదో చూసుకోండి. ఎదుటివాణ్ని నమ్మలేని గుణం మీలో ఉంటే ఆర్మీ జవాన్లకు మీరు వద్దు. స్నేహితుడి ముందు కాదనలేకపోతే పైలట్లకు మీరు వద్దు. తెలియదని ఒంటరిగా ఒప్పుకోలేకపోతే ఓడకు మీరు వద్దు. మూడూ ఉన్నాయంటారా? నాకూ ఉన్నాయి. అప్పుడు ఇంటికి అన్నిటికంటే దూరంగా ఉండేది రాయండి.

కొన్నేళ్ల తర్వాత, నేను సెలవు మీద వచ్చినప్పుడు, అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద నర్సింగ్ ఎదురుపడ్డాడు. సుల్తాన్ బజార్ వైపు ఒక బడిలో లెక్కలు చెబుతున్నాడట. నడుము కొంచెం బిగుసుకుని ఉంది. చెయ్యి పట్టుకుని వదలలేదు.

"మనోళ్లు కలిసినప్పుడల్ల మిమ్మల్ని తిడ్తరు సార్, రాజారత్నం సార్‌ను దించిన్రని. నేను ఊకోను. డాక్టర్ సాబ్ చేసింది కరెక్టు అని లడాయి పెట్టుకుంట."

ఆ మాట తీసుకుని ఇంటికి పోవచ్చు. అప్పటికి చాలా కాలంగా నన్ను ఎవరూ అంత మాట అనలేదు.

"నర్సింగ్, ఆయన చూపు సంగతి నాకు ముందే తెలుసు. నీకు దెబ్బ తగలకముందే."

"ముందంటె?"

"ఎండాకాలం నుంచి."

అతను నా చెయ్యి వదిలాడు. రోడ్డు వైపు తిరిగి, వస్తున్న బస్సు నంబరు చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"గట్లనా," అన్నాడు. "అయితె ఇగ నేను లడాయి పెట్టుకోను సార్."

"పెట్టుకోవద్దు," అన్నాను.

బస్సు ఆగింది. నడుము వంగదు కాబట్టి రెండు చేతులతో కడ్డీ పట్టుకుని మెల్లగా ఎక్కాడు. ఎక్కి వెనక్కి చూశాడు.

"దించింది మాత్రం కరెక్టే సార్. కాని గా మాట ఇప్పటిసంది మీరే చెప్పుకోవాలె."

అప్పటి నుంచి నేనే చెప్పుకుంటున్నాను. రెండూ కలిపి చెబుతున్నాను.